తొమ్మిదో గోల్ దగ్గర ఖాళీ

నవంబర్ 8, శుక్రవారం

నేను కొట్టిన గోల్‌కు వేరేవాడి పేరు రాశారు. నా కళ్ల ముందే. బాల్‌పెన్నుతో, నింపాదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ.

డానియెల్ — అని.

డానియెల్ ఇక్కడ లేడు. పదిరోజుల కింద ఓడెక్కించి పంపారు, సముద్రంలో యుద్ధం జరుగుతున్న వైపు. సరిగ్గా ఎక్కడికో ఎవరూ చెప్పరు, అడగకూడదు. లాండ్రీలో అతని సంచీ ఖాళీగా వేలాడుతోంది. ఫుట్‌బాల్ లిస్టులో పేరు మాత్రం అలాగే ఉంది. లిస్టు సీజన్ మొదట్లోనే మూసేశారట. కొత్తగా పేరెక్కాలంటే సోల్జర్ కార్డు కావాలి. నా మెడలో ఉన్నది లాండ్రీ పాసు.

నిన్న లాండ్రీ కౌంటర్ దగ్గరికి సార్జెంట్ కోల్ వచ్చాడు. ఈ మిలిటరీ బేస్‌లో ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల టీమ్ అతనిది. సగం మందిని యుద్ధం పట్టుకుపోయింది, పదకొండు మంది దొరకడం లేదట. అన్నం టైములో నేను గోడకేసి బంతి తన్నుకోవడం చూశాడట. "రేపు నాలుగింటికి రా. తొమ్మిదో నంబర్ జెర్సీ. ఎవడైనా అడిగితే నువ్వు డానియెల్‌వి." కన్ను కొట్టాడు. నేను నవ్వాను. ఒప్పుకున్నదీ నేనే, ఇప్పుడు మండిపోతున్నదీ నేనే.

కానీ ఆ గడ్డి! ఎడారి మధ్యలో, మా పనివాళ్ల క్యాంపు నల్లాల్లో వచ్చే నీళ్లకన్నా మంచి నీళ్లు పోసి పెంచిన గడ్డి. గురుకులంలో పీటీ సారు మొరం నేల మీద ఉత్త కాళ్లతో ఆడించాడు. పదో తరగతి తర్వాత సరైన గ్రౌండ్ ఎరగను. కరోనా తగ్గీ తగ్గకముందే వచ్చి ఇక్కడ పడ్డాను. మూడేళ్లుగా ఆ గ్రౌండ్ మట్టి ఉతుకుతున్నాను. దాని మీద కాలు పెట్టింది ఈ రోజే.

డెబ్బయ్యో నిమిషం. కుడి కాలు. గోల్.

నాది.


నవంబర్ 9, శనివారం

లాండ్రీలో మనుషులకు పేర్లుండవు. కాలర్ లోపల నంబర్ ఉంటుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరాతో. కోల్ 388. డానియెల్ 417. ఎవడు ఎక్కువ చెమట పడతాడో, ఎవడు జేబులో చూయింగ్ గమ్ మరిచిపోతాడో నంబర్‌తో సహా చెప్పగలను. నేను ఇంగ్లీషు నేర్చుకున్నదే ఆ జేబుల్లోని కాగితాలతో. ఉత్తరాలు, మందుల చీటీలు, క్యాంటీన్ బిల్లులు. తడవకముందే తీసి, చదివి, సంచీ నంబర్ చూసి తిరిగి ఇచ్చేవాణ్ణి. జేబు చూడకుండా ఏ బట్టా నీళ్లలో వేయం. అది మా పని.

తొమ్మిదో నంబర్ జెర్సీ నేనే ఉతికాను, చేత్తో. కాలర్ లోపల 417 ఉంది. దాని కింద మా సిరాతోనే 'న' అని రాశాను. పక్కన ఒక చుక్క.

ఒక గోల్, ఒక చుక్క.

ఫోన్లు గేటు దగ్గర డబ్బాలో పెట్టి లోపలికి పోతాం. ఫోటో అన్నది లేదు. ఇక నేను ఆడినట్టు చెప్పేది ఆ కాలర్ ఒక్కటే.


నవంబర్ 15, శుక్రవారం

రెండు. ఒకటి ఎడమ కాలితో.

మ్యాచ్ షీట్‌లో: డానియెల్. డానియెల్.


నవంబర్ 16

సూపర్‌వైజర్ షాజీకి కోల్ ఏం చెప్పాడో తెలియదు. శుక్రవారం నాలుగింటికి డ్యూటీ బుక్కులో నా పేరుకెదురుగా 'కలెక్షన్' అని రాస్తున్నాడు. అంటే నేను బట్టల బండి తోసుకుని మురికి సంచీలు తేవడానికి పోయినట్టు. "నరేశ్ భాయ్, ఖేలో, లేకిన్ ముఝే కుఛ్ నహీ మాలూమ్." ఆడుకో, నాకేం తెలియదు అని. కేరళ మనిషి. హిందీలో అబద్ధమాడితే అంటుకోదనుకుంటాడేమో.

మల్లేశన్న ప్రెస్ టేబుల్ దగ్గర నించుని ఇస్త్రీ ఆవిరిలోంచి నన్ను చూశాడు. మా పక్క ఊరే. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉతుకుతున్నాడు, ముందు హోటళ్లలో, తర్వాత ఇక్కడ.

"ఆళ్ల ఆట, ఆళ్ల గడ్డి. నడుమ నీకేం పనిరా?"

"గోల్ కొట్టుడే పని అన్నా."

"కొడ్తవు. కాలు ఇరిగితే ఎవని కాలు ఇరిగినట్టు? డానియెల్దా, నీదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.


నవంబర్ 22, శుక్రవారం

మ్యాచ్ అయిపోయాక కోల్ నన్ను గోల్‌పోస్ట్ వెనక్కి పిలిచాడు. చేతిలో ఫోన్. స్పీకర్ పెట్టాడు. ఇంజన్ మోత, దాని మీద డానియెల్ గొంతు.

"నా కాళ్లు ఎలా ఉన్నాయి?"

నేనే అతని కాళ్లట.

వీళ్లందరిలో నన్ను పేరుతో పిలిచిన ఒకే ఒక్కడు. కౌంటర్ దగ్గర నిలబడి 'న-రే-శ్' అని మూడు ముక్కలు చేసి పలికేవాడు. ఒకసారి వాళ్లమ్మ ఉత్తరం జేబులో మరిచిపోతే ఆరబెట్టినట్టు పొడిగా ఇచ్చానని చెయ్యి పట్టుకుని ఊపాడు.

అమ్మకు ఓడ సంగతి చెప్పలేదట. బేస్‌లోనే ఉన్నాను, శుక్రవారాలు ఫుట్‌బాల్ ఆడుతున్నాను అని చెప్పాడట. బేస్ వాళ్లు వారం వారం స్కోర్లు కంప్యూటర్‌లో పెడతారు కదా, ఆవిడ చూసుకుంటుంది. నేను గోల్ కొడితే కొడుకు క్షేమం. "ఆపకు, కొడుతూ ఉండు. తిరిగొచ్చాక అందరి ముందు చెప్తాను, ఆడింది నువ్వని. షీట్ మీద నీ పేరు నేనే రాస్తాను."

సరే అన్నాను. ఇంకేమంటాను?

క్యాంపుకు తిరిగొచ్చే బస్సులో కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అది రాలేదన్న కోపం మాత్రం ఉంది.


డిసెంబర్ 6, శుక్రవారం

ఐదో చుక్క.

గెలిచాం. భుజాల మీద ఎత్తి తిప్పారు. తర్వాత వాళ్లు మెస్‌కు పోయారు, కేక్ ఉందట. నాకు మెస్ పాసు లేదు. షెడ్డు వెనక నీలం యూనిఫాం వేసుకుని బట్టల బండి తెచ్చాను. పది నిమిషాల కింద నన్ను ఎత్తుకున్నవాళ్లే జెర్సీలు విప్పి బండిలోకి విసిరారు. ఒకటి నా ముఖానికి తగిలింది.

"సారీ, డాన్!" అన్నాడొకడు.

తడి జెర్సీ. వాడి చెమట. పేరేమో డాన్.


డిసెంబర్ 20, శుక్రవారం

ఆట మధ్యలో సైరన్. డ్రిల్లో నిజమో ఎవడికి తెలుసు. పనివాళ్ల షెల్టర్ వంట గోదాం వెనక ఉంటుంది, రేకు కప్పు, బెంచీలు. సోల్జర్లది కాంక్రీట్. నేను తొమ్మిదో నంబర్ జెర్సీలో ఉన్నాను, ఎటు పరుగెత్తాలి? కోల్ మెడ పట్టి కాంక్రీట్‌లోకి తోశాడు.

లోపల చల్లగా ఉంది. నీళ్ల సీసాలు, బిస్కెట్లు, ఫ్యాను. ఆఫీసర్ మ్యాచ్ షీట్ చూసి హాజరు పిలిచాడు.

"డానియెల్?"

అందరూ నా వైపు చూశారు.

"యెస్ సర్."

టిక్ పెట్టుకున్నాడు. తల ఎత్తి ముఖం కూడా చూడలేదు. పేరుకు ఒక గొంతు పలికింది, అతనికి చాలు.

అటు రేకుల షెల్టర్‌లో షాజీ తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. "నరేశ్ కహా హై?" అని అరిస్తే మల్లేశన్న చెప్పాడట — "కలెక్షన్‌కు పోయిండు సాబ్." నిజంగా ఏదైనా పడి ఉంటే నన్ను ఎక్కడ వెతికేవాళ్లు? బట్టల సంచీల కిందనా?


జనవరి 3

ఏడు.


జనవరి 17, శుక్రవారం

ఎనిమిది. సెమీఫైనల్‌కు చేరాం.

'చేరాం' అని రాశాను. ఎవరం?

డానియెల్ కోల్‌కు ఫోన్ చేసి మూడు వారాలైందట. కోల్‌ను అడిగితే, "సిగ్నల్ ఉండదు, బిజీగా ఉంటారు" అన్నాడు. చెప్పేటప్పుడు చేతిలోని విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు.


ఫిబ్రవరి 7

వచ్చే శుక్రవారం సెమీస్. కోల్ కొత్త సాక్సులు ఇచ్చాడు. ప్యాకెట్ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: 417. నా పేరు రాయడానికి చెయ్యి రాలేదేమో. వేసుకున్నాను. మెత్తగా ఉన్నాయి... తీసేయాలనిపించింది. తీయలేదు.


ఫిబ్రవరి 14, శుక్రవారం

ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని రాస్తున్నాను. మంచం మీద.

డెబ్బై ఎనిమిదో నిమిషం. ఒకటీ ఒకటీ. బంతి నా ముందు పడింది. తన్నాను. బంతి పోయింది, అదే క్షణంలో వాళ్ల డిఫెండర్ బూటు మోకాలికి పక్కనుంచి తగిలింది. లోపల టప్పున ఏదో తెగింది. నాకు వినపడింది. తర్వాత అరుపులు... గోల్, గోల్ అని.

గోల్ చూడలేదు. గడ్డి చూశాను, చాలా దగ్గరగా.

బేస్ క్లినిక్ గ్రౌండ్ పక్కనే ఉంది. దాని కిటికీ కనబడింది. అటు మోసుకుపోతారనుకున్నాను. లాండ్రీ వ్యాన్‌లోకి ఎక్కించారు. కోల్ లోపలికి వచ్చి తలుపు వేశాడు. ముందు నెత్తురు అంటిన జెర్సీ విప్పాడు. తర్వాత కాలు చూశాడు.


ఫిబ్రవరి 15, శనివారం

ఊళ్లో క్లినిక్‌కు తీసుకుపోయారు. మోకాలి లోపలి లిగమెంట్ తెగిందన్నాడు డాక్టర్. ఆపరేషన్ చేయాలి, నెలలు పడుతుంది, చేయకపోతే నడక ఉంటుంది కానీ పరుగు ఉండదు, బరువు ఎత్తే పని ఉండదు.

మధ్యాహ్నం షాజీ, కోల్ ఇద్దరూ వచ్చారు. కాగితం పట్టుకుని. చదివాను. 'క్యాంపు బాత్‌రూమ్‌లో జారి పడినాడు.'

"ఇది అబద్ధం."

"సైన్ కరో భాయ్, బాద్ మే దేఖేంగే." సంతకం పెడితే తర్వాత చూద్దామట.

కోల్ మంచం పట్టీ మీద కూర్చున్నాడు. నెమ్మదిగా చెప్పాడు: కార్డు లేనివాడు ఆడాడని తెలిస్తే టీమ్‌ను తీసేస్తారు, ఫైనల్ పోతుంది. ఒక్క వారం ఓర్చుకో. ఫైనల్ అయ్యాక నేనే ఆఫీసర్ దగ్గరికి పోయి చెప్తాను. బేస్‌లో, బేస్ ఆటలో దెబ్బ తగిలిందని రాస్తే బేస్ హాస్పిటల్‌లోనే ఆపరేషన్ అవుతుంది. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. మాట ఇస్తున్నాను.

జేబుల్లోని కాగితాలతో ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ప్రతి మాటా అర్థమైంది. అర్థమయ్యే సంతకం పెట్టాను. టీమ్ ఫైనల్ ఆడాలని పెట్టాను. రేపు ఎవరైనా 'నీకు చదవడం రాదు కదా' అంటే ఆ సాకు కూడా లేదు నాకు.


ఫిబ్రవరి 17, సోమవారం

డానియెల్ లేడు.

మల్లేశన్న బస్సు దిగి సరాసరి నా రూముకు వచ్చాడు. అన్నం గిన్నె కూడా చేతిలోనే ఉంది. "డానియల్ పిలగాడు పోయిండటరా. ఓడ మీద. జెండా సగం దించిన్రు."

ఓడెక్కాక నాతో మాట్లాడింది ఒక్క ఫోన్‌లోనే. దానికే ఇంతసేపు ఏడ్చాను. గోడ వైపు తిరిగి.

నా కాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగేవాడు లేడు. ఒకటి పోయింది డాన్. నీదే అనుకో, నాదే అనుకో.


ఫిబ్రవరి 18, మంగళవారం

మల్లేశన్న మళ్లీ వచ్చాడు. ముఖంలో అలసట, అందులోనే ఒక గర్వం. మంచి పని చేసొచ్చిన రోజు అతనికి ఉండే గర్వం.

"ఇయ్యాల ఒక్క జెర్సీకే పొద్దంత పట్టిందిరా. డానియల్ది. అద్దంల వెట్టి ఆళ్లమ్మకు పంపుతరట. షాజీ ఎవ్వలి చేతిల వెట్టకుంట నా చేతిలనే వెట్టిండు. నెత్తురు మరక బొట్టు సుత లేకుంట తీసిన. కాలర్ల ఎవడో చుక్కలు చుక్కలు గీకిండు, మన సిరాతోనే. సచ్చిపోయిన పిలగాని బట్ట, గట్ల పంపుతమా? మూడుసార్లు మందు వెడితే గని పోలే."

లేవబోయాను. మోకాలు లేవనివ్వలేదు.

"చుక్కలు ఎన్నున్నయి అన్నా?"

"ఎవడు లెక్కవెట్టిండురా."

"ఎనిమిది. పక్కన 'న'."

మల్లేశన్న చేయి అన్నం గిన్నె మూత మీద ఆగిపోయింది.

"నీయా?"

"నాయే."

"చెప్పాలె గదరా! నాకు చెప్పాలె గద! మరక కనవడితే తియ్యకుంట ఉంటనా నేను? ఇర్వై ఏండ్ల సంది గదే పని జేత్తున్న!"

అరిచింది అతను. అరవాల్సింది నేను. తొమ్మిదో చుక్క పెట్టడానికి నా చేతికి ఆ జెర్సీ మళ్లీ రాలేదు, ఎనిమిదింటినీ ఆయన శుభ్రంగా తీశాడు. ఈ బేస్ మొత్తంలో ఆ పని అంత బాగా చేయగలవాడు ఒక్కడే, ఆ ఒక్కడు మావాడు. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. అన్నం తిన్నావా అని అడిగాను.


ఫిబ్రవరి 21, శుక్రవారం

ఫైనల్. బేస్‌లో వాళ్లు ఆడుతుంటే నేను క్యాంపులో మంచం మీద.

మల్లేశన్న బండి తోసుకుంటూ పోయి చూశాడట. రెండు నిమిషాలు అందరూ తలవంచి నిలబడ్డారట. డానియెల్ మీద గౌరవంతో తొమ్మిదో చోటు ఖాళీగా వదిలి పదిమందితో ఆడారట. ఓడిపోయారట.

డానియెల్ ఈ సీజన్‌లో ఒక్కరోజు కూడా నిలబడని చోటు అది.


ఫిబ్రవరి 22, శనివారం

కోల్ వచ్చాడు, నారింజ పళ్లు పట్టుకుని. ఫైనల్ అయింది కదా అన్నాను. పళ్లు మంచం మీద పెట్టాడు.

డానియెల్ వాళ్లమ్మ ఉత్తరం రాసిందట. కొడుకును చనిపోవడానికి కొద్ది రోజుల ముందే ఓడ మీదికి పంపారని ఆవిడకు చెప్పారు. అంతకుముందు మూడు నెలలు ఇక్కడ సంతోషంగా ఆడుకున్నాడని ఆవిడ నమ్మకం. ప్రతి గోల్‌నూ వంటింటి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుందట. మెస్ గోడకు అతని పేరుతో బోర్డు కొట్టారు, కింద 'ఈ సీజన్‌లో తొమ్మిది గోల్స్' అని.

"ఇప్పుడు నేను ఆమెకు ఏం చెప్పను? చెప్పు."

"నాకు ఇచ్చిన మాట సంగతి చెప్పండి."

లేచి నిలబడ్డాడు. "నువ్వు మంచివాడివి" అన్నాడు. వెళ్లిపోయాడు. నారింజలు రూములో వాళ్లకు పంచేశాను. ఒక్కటీ తినలేదు.


ఫిబ్రవరి 24, సోమవారం

బోర్డు మీద ఏం రాసి ఉందో చూసి రమ్మని మల్లేశన్నను అడిగాను. అతనికి ఇంగ్లీషు అక్షరాలు అంతగా రావు, అంకెలు బాగా వచ్చు. అరచేతి మీద మా సిరాతోనే దింపుకొచ్చాడు. పుట్టిన తేదీ. పోయిన తేదీ.

పోయింది ఫిబ్రవరి పదమూడు.

సెమీఫైనల్ పద్నాలుగు.

నేను బంతి తన్నే సరికి డానియెల్ పోయి ఒక రోజు. వాళ్లకు కబురు ఆలస్యంగా వచ్చి ఉంటుంది. షీట్ మీద మాత్రం చనిపోయినవాడు డెబ్బై ఎనిమిదో నిమిషంలో గోల్ కొట్టాడు.

ఇక తప్పించుకోలేరు అనుకున్నాను. ఒక్క వాక్యం రాశాను ఇంగ్లీషులో: 'పదమూడున పోయినవాడు పద్నాలుగున గోల్ ఎలా కొట్టాడు?' మల్లేశన్నకు ఇచ్చాను. లోపలికి చీటీ పట్టుకుపోవడం నేరం. కానీ ఇస్త్రీ చేసిన యూనిఫాం జేబును గేటు దగ్గర ఎవడూ తడమడు. అవి లోపలే ఉతికి లోపలే ఇచ్చేవి. మల్లేశన్న చీటీని చెప్పులో పెట్టుకుని పోయి, 388 చొక్కా ఎడమ జేబులో పెట్టి, పైన ఇస్త్రీ లాగించాడు.

"జేబులకెల్లి తీసుడే ఎరుక నాకు. పెట్టుడు గిదే మొదలు" అన్నాడు.


ఫిబ్రవరి 26, బుధవారం

జవాబు వచ్చింది. గోడ మీద వచ్చింది.

బోర్డు దించి మళ్లీ రాయించారు. ఎనిమిది గోల్స్. గ్రౌండ్ దగ్గర అద్దాల పెట్టెలో సెమీఫైనల్ షీట్ ఉంటుంది. అందులో ఆ పేరు మీద తెల్ల రంగు పూశారట.

"ఏం రాసిన్రు దాని మీద?"

"ఏం రాయలే. నిమిషం ఉన్నది, డెబ్బై ఎనిమిది. పక్కపొంటి తెల్లగ ఉన్నది."

అంటే గోల్ ఉంది. కొట్టినవాడు లేడు. నేనే వాళ్లకు తప్పు చూపించాను, వాళ్లు దిద్దుకున్నారు. నన్ను రాసే చోటు చూపించాననుకున్నాను. తుడవాల్సిన చోటు చూపించినట్టయింది.


ఫిబ్రవరి 28, శుక్రవారం

షాజీ వచ్చాడు. ఇంకో కాగితం. పనికి పనికిరాడు, కాబట్టి వీసా క్యాన్సిల్, ఇంటికి. టికెట్ వచ్చే శుక్రవారానికి. ఆపరేషన్? "తుమ్ బాత్‌రూమ్ మే గిరా హై నా." బేస్ బాధ్యత కాదు, కంపెనీ బాధ్యతా కాదు. బాత్‌రూమ్ బాధ్యత.

"సైన్ కరో నరేశ్. ఖలాస్ కరో."

ఈసారి పెట్టలేదు. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చాను. టైమ్ ఇస్తున్నాను అన్నాడు, శుక్రవారం దాకా. అతను నాకు టైమ్ ఇవ్వడమేమిటి.


మార్చి 2, ఆదివారం

రంజాన్ మొదలైంది. డ్యూటీ టైములు మారాయి. పగలు క్యాంపు నిశ్శబ్దం. గోడ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా నడిచాను. పదకొండు అడుగులు. తిరిగి రావడానికి ఎక్కువ పట్టాయి.

వాళ్లమ్మ గురించి ఆలోచిస్తున్నాను. వంటింటి క్యాలెండర్. నా గోల్స్ చూసి ఆవిడ నిద్రపోయింది. మా అమ్మకు నేను ఫుట్‌బాల్ ఆడతానన్న సంగతే తెలియదు.

ఆవిడ దగ్గర ఏదీ లాక్కోవాలని లేదు. అలా అనుకుంటే నేను దిగజారినట్టే. కానీ ఈ మంచితనం అంతా నా మోకాలి మీదే ఎందుకు నిలబడాలి?


మార్చి 3, సోమవారం

"ఇంకోపారి పెడ్తవా అన్నా, 388 జేబుల?"

మల్లేశన్న తలుపు దాకా పోయి బయటికి చూసి వచ్చాడు. దొరికితే పాసు పోతుంది, పాసు పోతే ఇరవై ఏళ్లు పోతాయి. ఇద్దరికీ తెలుసు.

"రాయి. మందం కాగితం మీద రాయకు, జేబు ఉబ్బుతది."

చెప్పులు వేసుకుంటూ, "గా చుక్కలు... నాకెర్కలేదురా" అన్నాడు.

"ఎరుకే అన్నా."


మార్చి 4, మంగళవారం

రాశాను. ఇంగ్లీషులో మూడుసార్లు చింపి రాశాను. తెలుగులో ఇక్కడ దింపుకుంటున్నాను, ఏమడిగానో నాకైనా గుర్తుండాలి.

'సార్జెంట్ కోల్,

నా పేరు నరేశ్. మీ టీమ్‌లో తొమ్మిదో నంబర్ వేసుకుని ఈ సీజన్ అంతా ఆడింది నేను. మీకు తెలుసు. పదిమందికి తెలుసు.

మొదటి ఎనిమిది గోల్స్ డానియెల్ తల్లికి వదిలేస్తున్నాను. బోర్డు అలాగే ఉండనీయండి. ఎవరికీ ఎప్పటికీ చెప్పను. అది నాకూ డానియెల్‌కూ మధ్య మాట.

తొమ్మిదోది ఆమెది కాదు. క్యాలెండర్ మీద దాన్ని ఆమె గుర్తు పెట్టుకుని ఉంటే, మీరే కొట్టేయించారు. షీట్ మీద ఆ చోటు మీరే ఖాళీ చేశారు. ఆ ఖాళీలో నా పేరు రాయండి. పద్నాలుగున, బేస్ గ్రౌండ్‌లో, బేస్ ఆటలో నా మోకాలు పోయిందని ఆఫీసర్‌కు కాగితం ఇవ్వండి. డానియెల్ బతికి ఉంటే అతనే రాసేవాడు. ఫోన్‌లో అన్నాడు, మీ చేతిలోని ఫోన్‌లోనే.

శుక్రవారం సాయంత్రం నన్ను విమానం ఎక్కిస్తామంటున్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు, పెట్టను.

గురువారం పొద్దున మీ మురికి బట్టల సంచీ లాండ్రీకి వస్తుంది. షీట్ దిద్దారో లేదో ఒక్క ముక్క రాసి చొక్కా ఎడమ జేబులో పెట్టండి. గురువారం, పది గంటల లోపల. మేం జేబు చూడకుండా ఉతకం.'